మెరిట్‌కు కిరాయిల్లు దొరకదు

పట్నంల కులమెక్కడుందని అడిగేటోళ్లకు ఈ రాత. ఊళ్లల్ల ఉంటే ఉండొచ్చు గానీ హైదరాబాదుల ఎవరు ఎవర్ని అడుగుతరు, బస్సుల పక్కన కూసున్నోని కులం తెలుసుకొని కూసుంటమా, హోటల్ల చాయ్ పోసినోని కులం అడిగి తాగుతమా అని సభల్లో వాదిస్తరు. నిజమే, బస్సుల అడగరు. బస్సుల మేం పక్కన కూసుంటే వాళ్ల సొమ్మేం పోదు. సొమ్ము, అధికారం, ఇల్లు, పిల్ల - ఈ నాలుగింటి కాడికి వచ్చినప్పుడే అడుగుతరు. అడిగే తీరు మాత్రం మారింది. ఊళ్లె అయితే 'ఏ కులపోనివిరా?' అని మొఖం మీద అడుగుతరు. పట్నంల మూడు మర్యాదగల ప్రశ్నలు వేస్తరు. మీదే ఊరు? మీ నాయన ఏం చేస్తడు? మీరు ఏం తింటరు? ఒకదానికి జవాబు చెప్తే ఇంటిపేరు వెతుకుతరు. ఇంకోదానికి చెప్తే కుర్చీల సర్దుకుంటరు. మరోదానికి చెప్తే తలుపేస్తరు.

ఈ మూడు ప్రశ్నలూ నన్ను ఒక్కటే దినం అడిగిండ్రు. 2007 జూన్ నెల. ఆ దినమే నాకు నౌకరి దొరికింది. దొరికింది గనుకనే రాస్తున్న. నౌకరి దొరకనోడు తన బాధ చెప్పుకుంటే పాపమంటరు, లేదంటే చదువు సరిగ్గ లేదేమో అంటరు. దొరికినోడు చెప్తే ఆ రెండు మాటలకూ తావుండదు.

అప్పుడు నేను మేడిపల్లిల ఉంటున్న. 2016ల మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలకు పోయింది గానీ, అప్పటికది రంగారెడ్డి జిల్లా ఘట్‌కేసర్ మండలంల ఒక గ్రామ పంచాయతీ. వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ దాటినంక వస్తది. చేన్లన్నీ ప్లాట్లయితుండె. ప్లాట్ల మీద ఇండ్లు లేస్తుండె. భువనగిరి దిక్కు ఊర్ల నుంచి వచ్చే మాలాంటోళ్లకు ఆ రోడ్డే ఆసరా. ఊరి బస్సు అక్కడ దించుతది, ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు దగ్గర్ల ఉంటయి, కిరాయి తక్కువ. నేను కెమిస్ట్రీతోని బి.ఎస్సీ. ఫస్టు క్లాసుల పాసయిన. నా రూము కిరాయి పన్నెండు వందలు. బోరు నల్లా అందరికీ ఒక్కటే. ఓనరు మీది అంతస్తుల ఉంటడు.

పొద్దున పది గంటలకు ఉప్పల్ పారిశ్రామికవాడల ఒక కంపెనీకి పోయిన. పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్క కంపెనీది తప్పయితది, మిగిలినవన్నీ తప్పించుకుంటయి. పదకొండు మందిమి వచ్చినం. రాతపరీక్ష పెట్టిండ్రు. అర్ధగంటల పేపర్లు దిద్ది మార్కులు చదివిండ్రు. నాది మొదటి పేరు. లోపలికి పిలిచిండ్రు. ఇద్దరు సార్లు. కెమిస్ట్రీల ఒక్క ప్రశ్న అడగలే. 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ చెప్పు' అన్నరు.

మా నాయన చెప్పులు కుడతడు సార్, అంతకుముందు లందల తోళ్లు ఊనేటోడు, అమ్మ కూలికి పోతది అని చెప్పిన. అబద్ధం చెప్పనీకె నాకేం అవసరం? ఒక సారు పెన్ను క్యాపు పెట్టిండు. ఇంకో సారు కుర్చీల వెనక్కి జరిగి, 'ఇక్కడ పెద్ద పెద్ద పార్టీలు వస్తుంటయి బాబూ, మా వాతావరణానికి సర్దుకోవాలె గదా, ఫోన్ చేస్తం' అన్నడు. ఆ ఫోన్ ఇంకా రాలే. నాలుగో మార్కు వచ్చిన పిలగాన్ని తీసుకున్నరని నాతోని పరీక్ష రాసినోడే వారం దినాలకు చెప్పిండు. ఆ పిలగాని నాయన బ్యాంకుల ఆఫీసరంట.

ఇక్కడొక సంగతి అడుగుత. మెరిట్ అంటే ఏంది? పొద్దుగాల పేపర్ల మీద ఉన్నది మెరిట్ అయితే అర్ధగంటల ఎట్ల మాయమైంది? నాయన వృత్తిల ఉన్నది మెరిట్ అయితే పరీక్ష ఎందుకు పెట్టిండ్రు? మా రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడల్లా మెరిట్ చచ్చిపోయిందని శోకాలు పెట్టేటోళ్లు, ఆ గదిల మెరిట్ చచ్చినప్పుడు ఎందుకు ఏడ్వలే?

మా నాయన పని సంగతే తీసుకుందాం. పచ్చితోలు ఊనుడంటే ఏమనుకున్నరు? ముందు ఉప్పు పట్టియ్యాలె. సున్నపు నీళ్లల్ల నానేయాలె. సున్నం తక్కువైతే బొచ్చు ఊడదు, ఎక్కువైతే తోలు పాడైతది. కండ గీకాలె, సున్నం పోయేదాంక కడగాలె. తంగేడు చెక్క, కరక్కాయ దంచి ఆ నీళ్లల్ల దినాల తరబడి నానబెట్టాలె. ఆ చెక్కల ఉన్న టానిన్ తోలుల ఉన్న ప్రొటీన్‌ను పట్టుకుంటది, అందుకే తోలు కుళ్లదు. డిగ్రీల నాకు ఈ మాటలు ఇంగ్లీషుల చెప్పిండ్రు. మా నాయన అక్షరం రాకుండనే వేలుతోని ముట్టి చెప్పేటోడు, ఈ నీళ్లకు ఇంక రెండు దినాలు కావాలె అని. ఇదే పని మీద 1948ల మద్రాసుల కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ పెట్టిండ్రు. అక్కడ అది శాస్త్రం. దాన్ని చదివినోడు శాస్త్రవేత్త. మా వాడల అది కంపు. దాన్ని చేసినోడు అంటరానోడు. కెమిస్టు నౌకరికి పోయినోని నాయన తరతరాల కెమిస్టు అని తెలిసి పెన్ను మూసిన దేశం ఇది.

నా ఒక్కని అనుభవం చూపి కంపెనీలన్నిటినీ తిడుతున్నవని మీల ఎవరన్న అనొచ్చు. సరే, నా సంగతి పక్కన పెట్టుండ్రి. అదే 2007 అక్టోబరుల సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీల ఒక అధ్యయనం అచ్చేసిండ్రు. పేపర్లల్ల వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపిండ్రు. చదువు ఒక్కటే, అనుభవం ఒక్కటే, పేర్లే వేరు. కొన్నిటి మీద అగ్రకులాల ఇంటిపేర్లు, కొన్నిటి మీద దళితుల పేర్లు, కొన్నిటి మీద ముస్లింల పేర్లు. అగ్రకుల పేరుకు పిలుపొచ్చే అవకాశాన్ని వంద అనుకుంటే దళిత పేరుకు 67, ముస్లిం పేరుకు 33. మనిషి మొఖం చూడలే, మాట వినలే. కాయితం మీది పేరే వాళ్లను బయట నిలబెట్టింది. అదే పత్రికల సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల మేనేజర్లతోని మాట్లాడి రాసిండ్రు. మేం కులం చూడం, మెరిటే చూస్తం అని ఆ మేనేజర్లు చెప్పిండ్రు. ఆ నోటితోనే ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ ముఖ్యమన్నరు. ఉప్పల్ల నేను విన్న మాట ఢిల్లీల కూడ అదే మాట. దీన్ని ఒక సారు గుణం అని ఎట్లంటం? ఇది ఒక పద్ధతి.

పగటాల రెండు గంటలకు నాచారం పోయిన. అక్కడ మందుల ముడిసరుకు చేసే ఒక కంపెనీల కెమిస్టులు కావాలని తెలిసింది. ల్యాబు ఇన్‌ఛార్జి మాటలు పెట్టలే. బ్యూరెట్ చేతికిచ్చి, 'ఈ యాసిడ్ ఎంత గాఢత ఉందో తేల్చు' అన్నడు. ఫినాఫ్తలీన్ రెండు చుక్కలేసిన. చివరికి వచ్చేసరికి కాస్టిక్ సోడా చుక్క చుక్క ఇడిచిన. లేత గులాబి రంగు నిలబడ్డకాడ ఆపిన. మూడుసార్లు చేసిన. మూడు రీడింగులూ ఒక్కటే వచ్చినయి. ఆయన పుస్తకం తీసి తన లెక్కతోని పోల్చుకొని, 'రేపటి నుంచి రా' అన్నడు. నెలకు నాలుగు వేల అయిదు వందలు. ఇగో, ఇది మెరిట్. నా చెయ్యి చూసిండు, నాయన చెయ్యి చూడలే. మేం కోరేది ఇంతే.

కానీ ల్యాబు ఇన్‌ఛార్జి పని ఇస్తడు, కాయితం ఆఫీసు ఇస్తది. ఆఫీసుల ఉన్నాయన ఫారం నింపుకుంట 'మీదే ఊరు?' అన్నడు. చెప్పిన. 'ఆ ఊళ్లె పటేలోళ్లు మాకు తెలుసు. నువ్వు ఏ వాడ?' అన్నడు. ఉప్పల్ల నాయన పని అడిగిండ్రు, ఇక్కడ వాడ అడిగిండు. చెప్పిన. నింపుతున్న ఫారం పక్కన పెట్టి ఇంకో పుస్తకం తీసిండు. నన్ను కంపెనీ రిజిస్టరుల గాదు, లేబర్ కాంట్రాక్టరు పుస్తకంల రాసిండు. ఆ వారమే చేరిన ఇంకో ఇద్దరు కెమిస్టులు కంపెనీ రిజిస్టరుల ఉన్నరు. నేను చేసే పని, వాళ్లు చేసే పని ఒక్కటే. కాంట్రాక్టరు పుస్తకంల నా పేరుకు మీద ఊడ్చేటోళ్లు, కింద డ్రమ్ములు మోసేటోళ్లు. వాళ్ల పేర్లు, ఊర్లు చూస్తే ఎవరో నాకు ఒకరు చెప్పాల్నా? అందరూ మావోళ్లే. వాళ్ల పక్కన ఉండుడు నాకు చిన్నతనం గాదు. మమ్మల్నందర్ని ఏరి ఒక్క పుస్తకంల పెట్టుడే చిన్నతనం. ఆ చిన్నతనం పెట్టినోళ్లది.

కాంట్రాక్టు లేబర్ మీద 1970 చట్టం అప్పుడు అమల్ల ఉండె. ఏడాది పొడుగూ నడిచే పనికి కాంట్రాక్టు మనుషుల్ని పెట్టుడును ప్రభుత్వం నిషేధించొచ్చని అందుల రాసి ఉండె. రాత రాతగనే ఉండె. 1991ల వచ్చిన ఆర్థిక సంస్కరణల తర్వాత ప్రభుత్వ రంగంల భర్తీలు తగ్గుకుంట వచ్చినయి, కాంట్రాక్టు పెరుగుకుంట వచ్చింది. మా నాచారానికి దగ్గర్లనే 1967ల ఇ.సి.ఐ.ఎల్., 1971ల న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు పెట్టిండ్రు. అట్లాంటి సంస్థలల్ల రిజర్వేషన్ ఉన్నందుకు మా ముందు తరంల చదివినోళ్లు కొందరు గౌరవంగ బతికిండ్రు. నౌకరితోని పాటు క్వార్టరు వచ్చేది. ఆ క్వార్టరు సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ నేను పట్టించుకుంట. క్వార్టరు లిస్టు ప్రకారం ఇస్తరు. మీరేం తింటరని అడిగే ఓనరు అక్కడుండడు. ప్రైవేటు నౌకరి జీతమిచ్చి, ఇంటికోసం మమ్మల్ని మళ్లీ ఊరి పెద్దల చేతులకే అప్పజెప్తది.

ఎట్లంటే ఇట్ల. సాయంత్రం ఉప్పల్ల అర్ధకిలో జిలేబి కట్టించుకొని మేడిపల్లికి వచ్చిన. కింద రెండు గదుల పోర్షన్ ఖాళీగ ఉండె. అమ్మను, నాయనను తెచ్చుకుందామని ఓనరును అడిగిన. 'మంచిది తమ్మీ, నౌకరి దొరికింది గదా, ఎందుకియ్యను' అన్నడు. ఆయన భార్య అడిగింది, 'అమ్మానాయన వస్తే వంటలు గట్ల ఉంటయి గదా. మీరు ఏం తింటరు?' అని. 'అందరు తిన్నట్టే తింటమక్కా' అన్న. 'అది కాదు తమ్మీ, పెద్దకూర గిట్ల వండుతరా?' అన్నది. వాళ్లు శాకాహారులు గాదు. ప్రతి ఆదివారం వాళ్ల ఇంట్ల యాటకూర వాసన నా రూముదాంక వచ్చేది. ఏ మాంసం అని అడిగితే ఏ కులం అని అడిగినట్టే.

నేను జవాబు చెప్పకముందే ఓనరు, 'నౌకరి కాయితం చూపియ్యి, అడ్వాన్సు సంగతి మాట్లాడుకుందాం' అని ఫైలు చేతిలకెల్లి తీసుకున్నడు. కాంట్రాక్టరు కాయితం కింద నా కుల ధృవీకరణ పత్రం ఉంది. చదివిండు. చదివి భార్యకు చూపిచ్చిండు. జిలేబి పొట్లం పిట్టగోడ మీద పెట్టిన, అది అక్కడనే ఉన్నది. 'మా బావమరిది కొడుకు వస్తున్నడు తమ్మీ, ఆ పోర్షన్ వానికి కావాలె. నీ రూము గూడ పదో తారీఖుకు ఖాళీ చెయ్యి' అన్నడు. అయిదు నిమిషాల కింద లేని బావమరిది కొడుకు ఎక్కడ పుట్టిండు? ఎనిమిది నెలలు ఒక్కనాడు కిరాయి ఆపలే. ఆ ఎనిమిది నెలలు నేను ముట్టిన నల్లానే వాళ్లూ ముట్టిండ్రు. నీళ్లు మైల పడలే. కాయితం చూసినంక మైల పడ్డది.

తెల్లారి ఇద్దరు విద్యార్థి సంఘం అన్నలను తోలుకొని ఠాణాకు పోయిన. 'కులం పేరు పెట్టి తిట్టిండా?' అన్నరు. తిట్టలే. 'కొట్టిండా?' కొట్టలే. 'ఇల్లు ఆయనది, ఇష్టం ఆయనది, పోండ్రి' అన్నరు. పదో తారీఖున సామాన్లు తీసిన. సున్నానికని మూడు వందలు పట్టుకొని ఓనరు మిగిలిన అడ్వాన్సు ఇచ్చిండు. ఉస్మానియా హాస్టల్ల ఒక దోస్తు రూముల నాన్ బోర్డరుగ పడుకొని నౌకరికి పోయిన. మా పిల్లలు ఎందరికో ఆ నాన్ బోర్డరు బతుకే ఈ పట్నంల మొదటి ఇల్లు. మూడేండ్లు ఆ ల్యాబుల పనిచేసిన. అమ్మను, నాయనను తెచ్చుకోలేకపోయిన.

ఇది కొత్త కథ గాదు. 1917ల బాబాసాహెబ్ అంబేడ్కర్ అమెరికాల, లండన్ల చదువుకొని బరోడా సంస్థానంల నౌకరికి వచ్చిండు. నౌకరి ఉంది, ఇల్లు లేదు. హిందువుల హోటల్ల రానియ్యరు. పార్సీల సత్రంల పార్సీ పేరు పెట్టుకొని దిగిండు. పదకొండో దినం పార్సీలు కట్టెలు పట్టుకొని వచ్చి ఎళ్లగొట్టిండ్రు. తెలిసినోళ్లను అడిగిండు, ఒక్కరు గూడ చోటియ్యలే. ఒక తోటల కూసొని, రాత్రి రైలుకు బొంబాయి పోయిండు. కొలంబియా చదువుకు దొరకని గది మేడిపల్లిల నా బి.ఎస్సీ.కి దొరుకుతదా? నడుమ తొంభై ఏండ్లు పోయినయి. రాజ్యాంగం వచ్చింది, దాన్ని రాసే కమిటీకి ఆయనే ఛైర్మన్ అయిండు. పదిహేడో ఆర్టికల్ల అంటరానితనం రద్దయింది. కట్టెలు పోయినయి, బావమరిది కొడుకు వచ్చిండు. మారింది అంతే.

ఇప్పుడు కార్యకర్తలకు, విద్యార్థులకు ఒక మాట. ఠాణాల 'ఇల్లు ఆయనది, ఇష్టం ఆయనది' అన్నమాట చట్టం గాదు. 1955ల అంటరానితన నేరాల చట్టం వచ్చింది. 1976 నుంచి దాన్నే పౌరహక్కుల పరిరక్షణ చట్టమంటున్నం. దాని నాలుగో సెక్షన్ చదువుండ్రి. అంటరానితనం కారణంగ ఏ వృత్తిల గానీ, ఏ ఉద్యోగంల గానీ అడ్డం పడితే నేరం. ఏ వాడల గానీ ఇల్లు కట్టుకోకుండ, కొనుక్కోకుండ, ఉండకుండ అడ్డం పడితే నేరం. తిట్టినా తిట్టకపోయినా నేరమే. పన్నెండో సెక్షన్ గూడ చదువుండ్రి. ఆ చట్టం కింది నేరం షెడ్యూల్డ్ కులపోని మీద జరిగితే, కాదని రుజువయ్యేదాంక అది అంటరానితనం కారణంగనే జరిగిందని కోర్టు భావించాలె. అంటే బావమరిది కొడుకు నిజంగ ఉన్నడని ఓనరే చూపించాలె. అంత పదునైన సెక్షన్ మన చేతిల ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం పేరు మనందరికీ నోటికొచ్చు, ఎందుకంటే అది రక్తం కారినప్పుడు కావాలె. రక్తం కారకుండ జరిగే అంటరానితనానికి ఉన్న చట్టాన్ని మాత్రం అల్మారల పెట్టినం. ప్రతి హాస్టల్ల, ప్రతి సంఘం ఆఫీసుల ఆ రెండు సెక్షన్లు గోడకు రాయాలె. ఇల్లు ఇయ్యనన్న తారీఖు, అన్నమాట, విన్న సాక్షి - ఈ మూడు రాసి ఉంచుకోవాలె. దరఖాస్తు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టుల పంపాలె.

చట్టం ఒక్కటే చాలదు. నౌకర్లు ఉన్నకాడ మనకు వాటా కావాలె. 2004ల కేంద్రంల వచ్చిన యు.పి.ఎ. ప్రభుత్వం ప్రైవేటు రంగంల రిజర్వేషన్ల మీద చర్చ పెడతమని తన కనీస ఉమ్మడి కార్యక్రమంల రాసుకుంది. పారిశ్రామికవేత్తలు వద్దన్నరు, మేమే స్వచ్ఛందంగ చూసుకుంటమన్నరు. వాళ్ల స్వచ్ఛందం ఎట్లుంటదో ఉప్పల్ల పెన్ను క్యాపు పెట్టిన చప్పుడుల నేను విన్న. ప్రైవేటుల రిజర్వేషన్ కుదరదు, పెట్టుబడి పారిపోతదని బెదిరిస్తరు గదా. మరి 2019ల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిశ్రమలల్ల 75 శాతం నౌకర్లు స్థానికులకే అని చట్టం ఎట్ల చేసింది? 2020ల హర్యానా అదే తీరు చట్టం చేసింది, 2023ల హైకోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి. నేననేది, స్థానికుడు అనేసరికి ప్రైవేటు రంగం మీద చట్టం చెయ్యనీకె పాలకులకు ధైర్యం వచ్చింది. దళితుడు అనేసరికి ఆ ధైర్యం ఎక్కడ పోయింది?

1994ల దండోరా మొదలైనకాడికెల్లి కొట్లాడితే, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారిచ్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణల అమలుకొచ్చింది. 15 శాతాన్ని ఒకటి, తొమ్మిది, అయిదుగ మూడు గ్రూపులకు పంచిండ్రు. అది న్యాయమే, ముప్పయేండ్లు దాని కోసం డప్పు కొట్టినోళ్లు మావోళ్లే. అయితే పంచుకున్నది ప్రభుత్వ నౌకర్ల రొట్టె. ఆ రొట్టె ఏటేటా చిన్నగైతున్నది. పెద్ద రొట్టె ఉప్పల్, నాచారం షెడ్లల్ల ఉంది, అద్దాల మేడలల్ల ఉంది. అక్కడ మాలలకూ మాదిగలకూ ఇద్దరికీ కలిపి సున్న శాతం. రొట్టె ముక్క కాడ కొట్లాడుకునే అన్నదమ్ములు, సున్న కాడ ఒక్కటిగ నిలబడకపోతే ఎట్ల?

అందుకే అడుగుతున్నం. ప్రైవేటు రంగంల రిజర్వేషన్ చట్టం చెయ్యుండ్రి. ఇంటర్వ్యూల నాయన పని, ఊరి వాడ అడుగుడును నేరం చెయ్యుండ్రి. ప్రతి కంపెనీ తన రిజిస్టరుల ఎంతమంది దళితులు, కాంట్రాక్టరు పుస్తకంల ఎంతమంది దళితులు అని ఏటా లెక్క బయటపెట్టాలె. పారిశ్రామికవాడలకు ప్రభుత్వం భూమి ఇచ్చింది, రోడ్డు ఇచ్చింది, కరెంటు ఇచ్చింది. ఇవన్నీ జనం సొమ్ము, అందుల మా చెమట ఉంది. జనం సొమ్ము తిన్నోడు జనానికి లెక్క చెప్పనీకె ఏం నొప్పి? ఆ భూములల్లనే పనిచేసేటోళ్లకు ప్రభుత్వం కిరాయిండ్లు కట్టాలె, లిస్టు ప్రకారం ఇయ్యాలె.

మెరిట్ మీ దగ్గర ఉందని ఇంకా అంటే, రాండ్రి, బ్యూరెట్ ముందు నిలబడదాం. మా పిల్లలు సిద్ధంగనే ఉన్నరు. మీ నాయన ఎవరని మేం అడగం. మా నాయన ఎవరని మీరు అడుగుడు బందు చెయ్యుండ్రి.